కాలిన్స్ సబ్‌మెరైన్ల ఇంజన్లు మొరాయించింది కట్టినవాళ్ల అనుభవలేమి వల్లేనా?

ఆస్ట్రేలియా సొంతగడ్డ మీద మొదటిసారి కట్టుకున్న సబ్‌మెరైన్లు కాబట్టి, పని చేతకాకే డీజిల్ ఇంజన్లు పాడయ్యాయా అని అడిగారు. కాదు. ఆ గొడవలో పెద్ద వాటా ఇంధన ట్యాంకులది, అంటే డిజైన్‌ది.

కాలిన్స్ తరగతి సబ్‌మెరైన్లు ఆరు. అడిలైడ్ దగ్గర ఆస్బోర్న్ యార్డులో కట్టారు, డిజైన్ స్వీడన్ కంపెనీ కాకమ్స్‌ది. మొదటిది 1996లో నౌకాదళంలో చేరింది. ఒక్కోదాంట్లో హెడెమోరా కంపెనీ డీజిల్ ఇంజన్లు మూడుంటాయి, ఒక్కో ఇంజనుకి 18 సిలిండర్లు. ఇవి జనరేటర్లను నడిపి బ్యాటరీలను ఛార్జ్ చేస్తాయి, ప్రొపెల్లర్‌ని తిప్పేది మోటారే.

డీజిల్ వాడేకొద్దీ ట్యాంకు ఖాళీ అయితే సబ్‌మెరైన్ తేలికైపోతుంది. అందుకని ఖాళీ అయిన మేరకు సముద్రపు నీటిని ట్యాంకులోకి రానిస్తారు. బరువైన నీరు కింద, డీజిల్ పైన. లెక్క చూడండి: సాంద్రత 0.84 అనుకుంటే 100 ఘనపు మీటర్ల డీజిల్ 84 టన్నులు, అదే చోట ఉప్పునీరు దాదాపు 102.5 టన్నులు. పెరిగిన 18.5 టన్నులకు సరిపడా నీటిని, బరువు సరిచేసే ట్రిమ్ ట్యాంకుల నుంచి బయటికి తోడాలి.

చిక్కంతా నీరూ డీజిలూ కలిసే పొర దగ్గర. అల పెద్దదైతే ఆ పొర చెదిరి నీటి బిందువులు డీజిల్‌లో తేలుతూ ఉండిపోతాయి, తేరుకోవడానికి సమయం పడుతుంది. ట్యాంకులో డీజిల్ తగ్గినకొద్దీ నీరు ఇంజను వైపు లాగబడే ప్రమాదం పెరుగుతుంది. ఫ్యూయల్ పంపులో డీజిల్‌ని నెట్టే ప్లంజర్‌కీ దాని గొట్టానికీ మధ్య, ఇంజెక్టర్ నీడిల్‌కీ దాని చుట్టూ ఉన్న బాడీకీ మధ్య సందు కొద్ది మైక్రాన్లే, దానికి డీజిలే కందెన. ఉప్పునీరు చేరితే లోహం తుప్పు పట్టి గుంటలు పడుతుంది, ప్లంజర్ గీతలు పడి పట్టేస్తుంది, స్ప్రే చెడి పొగ మొదలవుతుంది. పైగా ఆ పొరలో బ్యాక్టీరియా పెరిగి జిగురులా ఫిల్టర్లకు అడ్డం పడుతుంది.

తర్వాత డీజిల్ నుంచి నీటిని వేరుచేసే కోయలెసర్లు బిగించారు, ఇంధనం వాడే పద్ధతి మార్చారు, ఇంధనంలోని బ్యాక్టీరియాను తొలగించే ఏర్పాటు చేశారు. కోయలెసర్‌లోని సన్నని పోగులు చిన్న బిందువుల్ని పెద్దవిగా కలిపి కిందికి దింపుతాయి.

ఈ సబ్‌మెరైన్ల మీద ఆస్ట్రేలియా ప్రభుత్వం చేయించిన 1999 నాటి మెకింటాష్–ప్రెస్కాట్ నివేదిక ఇంజన్లతోపాటు శబ్దం, ప్రొపెల్లర్లు, పెరిస్కోప్‌లు, యుద్ధ వ్యవస్థల లోపాలనూ ఎత్తిచూపింది. కార్మికుల విషయంలో మాత్రం న్యాయంగా మాట్లాడాలి: మొదటి సబ్‌మెరైన్‌లో వెల్డింగ్ లోపాలు ఎక్కువగా దొరికింది స్వీడన్ నుంచి వచ్చిన భాగాల్లో.

ఇలాంటి వ్యవస్థతో పనిచేసేవాళ్లకు ఒక మాట. కోయలెసర్ డ్రెయిన్‌లో నీరు రావట్లేదంటే అంతా బాగుందని వదిలేయకండి. డీజిల్‌లో సబ్బు లాంటి రసాయనాలు చేరితే కోయలెసర్ బిందువుల్ని కలపడం మానేస్తుంది, నీరు నేరుగా దాటిపోతుంది. ఫిల్టర్ తర్వాత కూడా శాంపిల్ తీసి గాజు సీసాలో చూడండి. మబ్బుగా కనిపిస్తే కోయలెసర్ లోపలి పోగుల ఎలిమెంట్ మార్చి, ఆ రసాయనం ఎక్కణ్నించి వస్తోందో పట్టుకోవాలి.