ఆ మాట మొదట ఎప్పుడు చెప్పారో చూడు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య మీద మీ స్నేహితుల వాదన మాటలు మానేసే దాకా వెళ్లిందని చదివి బాధ కలిగింది. ఒకడేమో "ఇంతమంది కళ్లారా చూశామంటుంటే కుట్ర లేదంటావేంటి" అంటాడు, ఇంకొకడు "వాళ్లందరూ పేరు కోసం కథలు చెప్పినవాళ్లే" అని కొట్టిపారేస్తాడు. మధ్యలో నువ్వు నన్నడిగావు, ఏ సాక్షిని నమ్మాలి మావయ్యా అని.

ముందు మనిషిని పక్కన పెట్టి మాటని చేతిలోకి తీసుకో. ఒకే సాక్షి చెప్పినదాంట్లో ఒక ముక్క నిలబడుతుంది, దాని పక్క ముక్క నిలబడదు. క్రిమినల్ కేసుల్లో సాక్షుల్ని క్రాస్ చేస్తూ బతికినవాణ్ణి కాబట్టి ఇది నాకు నిత్యం ఎదురైన సంగతే. "ఈ మనిషి నిజాయితీపరుడు, కాబట్టి చెప్పిందంతా నిజం" అనడం ఎంత తప్పో, "ఒకచోట మాట మార్చింది, కాబట్టి అంతా అబద్ధం" అనడమూ అంతే తప్పు.

మాట చేతికొచ్చాక మొట్టమొదట అడగాల్సింది తేదీ. ఈ సంగతి మొదటిసారి ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు? హత్య జరిగింది 1963 నవంబర్ 22, మధ్యాహ్నం పన్నెండున్నరకి, డాలస్ డీలీ ప్లాజాలో. ఆ రోజే షెరీఫ్ ఆఫీసులో చాలామంది అఫిడవిట్లు రాసిచ్చారు. టీవీ, రేడియో ఇంటర్వ్యూలు ఉన్నాయి. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం వారెన్ కమిషన్. కారు వెనక వైపున్న బుక్ డిపాజిటరీ భవనం ఆరో అంతస్తు నుంచి ఓస్వాల్డ్ అనేవాడు ఒక్కడే కాల్చాడని తేల్చింది అదే. 1964లో దాని ముందు చెప్పినవి ప్రశ్న, జవాబు సహా అచ్చయ్యాయి; ఎగ్జిబిట్లతో కలిపి మొత్తం 26 సంపుటాలు. 1976 నుంచి 1979 దాకా అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి మళ్లీ మొదటి నుంచి విచారించింది. 1992 చట్టంతో బయటపడ్డ కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒక్కో సాక్షికీ ఒక పేజీ కేటాయించుకుని, ఏ సంవత్సరంలో ఏమన్నారో వరసగా రాసుకో. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

నీ స్నేహితుడు గట్టిగా పట్టుకున్న జీన్ హిల్ సంగతే చూడు. కెనెడీ కారుకి చాలా దగ్గర్లో నిలబడ్డ మనిషి ఆవిడ. ఆ మధ్యాహ్నమే టీవీవాళ్లు, కాల్చినవాణ్ణి చూశారా అని అడిగితే, లేదు, శబ్దం విన్నానంతే అంది. 1964లో కమిషన్ ముందు నాలుగు నుంచి ఆరు దాకా కాల్పులు విన్నాననీ, అవి ఎదుటి గడ్డి దిబ్బ వైపు నుంచి వచ్చాయనిపించిందనీ చెప్పింది. చాలా ఏళ్ల తర్వాత మాత్రం ఆ దిబ్బ మీది కంచె వెనక తుపాకీ పేల్చిన మనిషినే చూశానని చెప్పసాగింది. ఇప్పుడు నువ్వేం చెయ్యాలి? ఆవిడ విన్నదాన్ని లెక్కలో ఉంచు, అది మొదటి నుంచీ ఉన్న మాట. చూశానన్నదాన్ని పక్కన పెట్టు, ఎందుకంటే దానికి ఆవిడ మొదటి మాటే అడ్డం. ఆవిడ అబద్ధమాడిందా, ఏళ్లు గడిచేకొద్దీ మనసులో బొమ్మ అలా కట్టుకుందా అని తేల్చే పని నీది కాదు. తేల్చలేవు కూడా.

కొన్ని మాటల్ని వస్తువే పట్టిచ్చేస్తుంది. ఆనాటి ఫొటోల్లో తలకి స్కార్ఫ్ కట్టుకుని కెమెరా పట్టుకున్న ఒకావిడ కనిపిస్తుంది, బబుష్కా లేడీ అంటారు. అది నేనేనని 1970లో ఒకావిడ ముందుకొచ్చింది. సూపర్ 8 కెమెరాతో సినిమా తీశాననీ, ఆ రీలు ప్రభుత్వం మనుషులు పట్టుకుపోయారనీ చెప్పింది. సూపర్ 8 అనే ఫిల్మ్ మార్కెట్లోకి వచ్చింది 1965లో. ఆ రోజు హత్యని సినిమా తీసిన జప్రూడర్ అనే ఆయన వాడినది మామూలు 8 ఎంఎం. సూపర్ 8 అన్న మాట ఎందుకు చెప్పాల్సొచ్చిందో ఆవిడ తర్వాత ఏవో వివరణలిచ్చింది. ఆ వివరణలకి కూడా ఆవిడ మాట తప్ప వేరే ఆధారం లేదు. ఇలాంటి చోట ఎక్కువ సేపు ఆగకు.

అలాగని కుట్ర వైపు మాటలన్నీ ఇంతే అనుకోకు. ఎస్.ఎం. హాలండ్ అనే రైల్వే ఉద్యోగి రైలు వంతెన మీద నిలబడి చూశాడు. కంచె దగ్గర చెట్ల కింద నుంచి పొగ లేచిందని ఆ రోజే అఫిడవిట్‌లో రాసిచ్చాడు, 1964లోనూ అదే చెప్పాడు. వంతెన మీదున్న మరికొందరు కూడా పొగ మాట అన్నారు. దీన్ని ఎవరూ తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. పొగ చూశాడన్నది గట్టి మాట. అది తుపాకీ పొగే అన్నది అతని ఊహ. అతను పరిగెత్తుకుంటూ కంచె వెనక్కి వెళ్తే అడుగుజాడలు కనబడ్డాయి గానీ తుపాకీతో మనిషెవరూ కనబడలేదు. చూసింది వేరు, చూసినదాని నుంచి అనుకున్నది వేరు. నీ పేజీలో ఈ రెండిటికీ రెండు గళ్లు గియ్యి.

నిపుణుల దగ్గర ఇది మరీ అవసరం. పార్క్‌లాండ్ ఆసుపత్రిలో డాక్టర్ మాల్కం పెర్రీ ఆ మధ్యాహ్నమే విలేకరులతో, గొంతు మీద గాయం తూటా లోపలికి వెళ్లిన గాయంలా ఉందన్నాడు. కాల్పులు ముందు నుంచే అనడానికి ఇప్పటికీ చాలామంది చూపించే మాట ఇది. చూసిందేమిటి? చిన్న, గుండ్రటి గాయం. ఊపిరాడ్డానికి గొట్టం పెట్టాలని ఆ గాయం మీదుగానే కోశాడు. అక్కడి డాక్టర్లు వీపు తిప్పి చూడలేదు, వీపు మీద గాయం ఉందని వాళ్లకి తెలీదు. కమిషన్ ముందు ఆయనే, అది లోపలికి వెళ్లినదైనా కావచ్చు, బయటికొచ్చినదైనా కావచ్చు అన్నాడు. ఒత్తిడి చేసి మాట మార్పించారని కొందరి అభిప్రాయం. అది కూడా పరిశీలించు. కానీ గాయం చిన్నగా, గుండ్రంగా ఉందన్న సంగతి రెండు సార్లూ మారలేదు, మారింది దాని అర్థం.

బుక్ డిపాజిటరీ ఆరో అంతస్తులో దొరికిన రైఫిల్ గొడవా ఇంతే. వీట్జ్‌మన్ అనే అధికారి మర్నాడు అఫిడవిట్‌లో దాన్ని 7.65 మౌసర్ అని రాశాడు. తుపాకుల గురించి తెలిసిన మనిషి కాబట్టి కుట్రవాదులు దీన్ని వదలరు. ఆయనే తర్వాత, ఒక్క చూపులో అలా అనిపించిందని కమిషన్‌కి చెప్పాడు. దొరికినప్పుడు తీసిన సినిమా ఉంది, ఫొటోలున్నాయి, సి2766 అనే సీరియల్ నంబరుతో ఇటాలియన్ కార్కానో 6.5 ఉంది. కంటితో చూసి చెప్పిన మాటకీ, వస్తువుకీ తేడా వచ్చినప్పుడు వస్తువు వైపు మొగ్గు. వస్తువునే మార్చేశారంటే, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు మార్చారో చెప్పాల్సిన బాధ్యత ఆ మాటన్నవాడిది.

చెవుల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, మీ వాళ్లు ఎక్కువ పోట్లాడుకునేది దీని మీదే కదా. ప్రతినిధుల సభ కమిటీ 178 మంది మాటలు లెక్క కట్టింది. బుక్ డిపాజిటరీ వైపు నుంచి అన్నవాళ్లు 49, గడ్డి దిబ్బ వైపు నుంచి అన్నవాళ్లు 21, మరో చోటు నుంచి అన్నవాళ్లు 30, చెప్పలేమన్నవాళ్లు 78. చెప్పలేమన్నవాళ్లే అందరికంటే ఎక్కువ! మూడు కాల్పులు అన్నవాళ్లు మాత్రం 132 మంది. ఆ చోటు చుట్టూ ఎత్తయిన భవనాలున్నాయి, వంతెన ఉంది, శబ్దం తగిలి తిరిగొస్తుంది. పైగా ఆ రైఫిల్ తూటా శబ్దం కంటే వేగంగా వెళ్తుంది. అందుకని దారిలో ఉన్నవాడికి ముందు తూటా చీల్చుకెళ్లిన టప్పుమనే శబ్దం వినబడుతుంది, తుపాకీ మోత తర్వాత వస్తుంది, రెండూ ఒకే వైపు నుంచి వచ్చినట్టుండవు. కాబట్టి దిక్కు చెప్పిన సాక్షిని, ఏ పక్షానికి పనికొచ్చినా సరే, తక్కువ బరువుతోనే తీసుకో. రెండు దిక్కుల నుంచి విన్నామన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారన్నది మాత్రం గుర్తుపెట్టుకో. ఇద్దరు కాల్చారనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

యంత్రం చెప్పిన మాటనీ సాక్షి మాటలాగే చూడు. పోలీసు రేడియో రికార్డింగులో నాలుగు కాల్పులు ఉన్నాయని నిపుణులు చెప్పబట్టే 1979లో ఆ కమిటీ బహుశా కుట్ర జరిగి ఉంటుందని రాసింది. ఒక మ్యాగజైన్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ రికార్డు మీద అదే శబ్దాన్ని ఒహాయోలో ఒక డ్రమ్మర్ పదే పదే విన్నాడు. దాని వెనక సన్నగా షెరీఫ్ గొంతు వినబడింది. ఆ మాటలు కాల్పులు జరిగి దాదాపు నిమిషం గడిచాక ఆయన అన్నవి. దాని ఆధారంగా 1982లో నేషనల్ అకాడమీ శాస్త్రవేత్తలు ఆ శబ్దాలు కాల్పులవి కావని తేల్చారు. 2001లో ఒక పరిశోధకుడు ఆ తీర్పుని ప్రశ్నించాడు, 2005లో దానికి జవాబు వచ్చింది. ఎవరైనా "కమిటీయే కుట్ర అంది" అంటే, ఏ ఆధారం మీద అందో అడుగు. "కమిటీ తప్పని తేలిపోయింది" అంటే, దాంట్లో ఏ భాగమో అడుగు.

ఇప్పుడు ఓస్వాల్డ్ ఒక్కడే చేశాడనే పక్షం వైపు రా. అక్కడ కూడా ఇదే కొలత పెట్టకపోతే నువ్వు న్యాయం చెయ్యనట్టే. కెనెడీ హత్య జరిగిన కాసేపటికే టిప్పిట్ అనే పోలీసు అధికారిని ఎవరో కాల్చి చంపారు, అదీ ఓస్వాల్డ్ పనేనన్నారు. హెలెన్ మార్ఖమ్ అనే ఆవిడ ఆ హత్యని చూసింది. గుర్తింపు పరేడ్‌లో ఎవరినైనా గుర్తుపట్టావా అని కమిషన్ న్యాయవాది అడిగితే లేదంది. మొహం చూసి ఎవరినైనా గుర్తుపట్టావా అంటే, మొహం చూసి లేదంది. అలా కొన్ని ప్రశ్నలయ్యాక ఆయన, అక్కడ రెండో నంబరు మనిషి ఉన్నాడా అన్నాడు. అప్పుడు ఆవిడ, రెండో నంబరే, నేను చూపించింది అతన్నే అంది. ఆ పేజీని తెచ్చుకుని స్వయంగా చదువు. జవాబు ప్రశ్నలోనే ఎలా దాక్కుని ఉంటుందో ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా కనబడదు. ఈ ఒక్క సాక్షి మీదే కేసు నిలబెడితే ఏ డిఫెన్స్ లాయరైనా పది నిమిషాల్లో పడగొడతాడు. కానీ అక్కడ దొరికిన నాలుగు ఖాళీ తూటా తొడుగులు ఓస్వాల్డ్ దగ్గర పట్టుబడ్డ రివాల్వర్‌వేనని పరీక్షలో తేలింది, ఇతర సాక్షులూ ఉన్నారు. సాక్షి బలహీనమైనంత మాత్రాన సంఘటన అబద్ధమైపోదు.

హోవర్డ్ బ్రెనన్ ఆరో అంతస్తు కిటికీలో మనిషిని చూశానన్నాడు. ఆ సాయంత్రం పరేడ్‌లో ఓస్వాల్డే అని ఖాయంగా చెప్పలేదు. భయపడి చెప్పలేదనీ, నిజానికి గుర్తుపట్టాననీ తర్వాత అన్నాడు. కమిషన్ కూడా ఆ తర్వాతి మాట మీద తన నిర్ణయం నిలబెట్టలేదు. కిటికీలో తుపాకీతో ఒక మనిషి ఉన్నాడన్నంతవరకే బ్రెనన్‌ని వాడుకో.

భయం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆలస్యంగా చెప్పారంటే అబద్ధమని కాదు. కాకపోతే ఆలస్యమైన మాటకి మరో ఆసరా కావాలి. క్యూబా నుంచి వచ్చేసిన సిల్వియా ఓడియో సంగతి నీ జాబితాలో లేకపోవడం నాకు ఆశ్చర్యమేసింది. 1963 సెప్టెంబర్ చివర్లో ముగ్గురు మనుషులు డాలస్‌లో తన ఇంటికి వచ్చారనీ, వాళ్లలో అమెరికన్‌ని లియోన్ ఓస్వాల్డ్ అని పరిచయం చేశారనీ ఆవిడ చెప్పింది. ఆ రోజు ఇంట్లో ఉన్న చెల్లెలు కూడా టీవీలో ఓస్వాల్డ్‌ని చూసి గుర్తుపట్టింది. ఓడియో తనంతట తాను ప్రచారానికి వెళ్లలేదు, ఆమె స్నేహితుల ద్వారా ఆ కబురు ఎఫ్‌బీఐకి చేరింది. ఆ రోజుల్లో ఓస్వాల్డ్ మెక్సికో ప్రయాణంలో ఉన్నాడని కమిషన్ తోసిపుచ్చింది. వచ్చినవాళ్లు వేరే ముగ్గురని ఎఫ్‌బీఐ తెచ్చిన వివరణ ఆ ముగ్గురూ కాదనడంతో వీగిపోయింది. తర్వాతి కమిటీ ఆవిడ మాట నమ్మదగినదే అంది. వచ్చింది నిజంగా ఓస్వాల్డేనా, అయితే దాని అర్థమేమిటి అన్నది నాకిప్పటికీ ముడి వీడలేదు. ఓస్వాల్డ్ కాల్చాడనడానికి వస్తువుల సాక్ష్యం చాలునని నేను నమ్ముతాను, వెనక ఎవరూ లేరని ప్రమాణం చేసి మాత్రం చెప్పను. కారణం కంచె వెనక మనుషుల్ని చూశామన్నవాళ్లు కాదు, ఓడియో.

సాక్షులు వరసగా చచ్చిపోయారన్న వాదన మీద టైమ్ పెట్టకు. కోట్లలో ఒక వంతు అవకాశం అంటూ తిరిగిన ఆ లెక్కని వేసిన లండన్ పత్రికే, లెక్క తప్పని కమిటీకి ఒప్పుకుంది.

నువ్వు విడిగా అడిగిన ఎడ్ హాఫ్‌మన్ గురించి. వినలేని, మాట్లాడలేని మనిషి, ఫ్రీవే పక్క నుంచి చూశానన్నాడు. 1967లో ఎఫ్‌బీఐ రిపోర్టు ప్రకారం చెప్పింది ఇద్దరు పరిగెత్తారని. తర్వాతి కథనంలో కంచె వెనక ఒకడు రైఫిల్‌ని ఇంకొకడికి విసరడం, వాడు దాన్ని విప్పి సర్దెయ్యడం వచ్చాయి. పెరిగిన కథ అని కొట్టెయ్యడం సులువు. కానీ ఆయన సైగల భాష తెలిసిన దుబాసీ లేకుండా రాసుకున్న రిపోర్టుని ఆయన మాటగా ఎంతవరకు తీసుకోవచ్చు? ఇంట్లోవాళ్లకి అప్పుడే చెప్పానని కూడా ఆయన అన్నాడు. ఆ కుటుంబంలో ఎవరు, ఏ సంవత్సరంలో దాన్ని ధ్రువీకరించారో, ఆయన నిలబడ్డ చోటు నుంచి ఆ కంచె వెనక భాగం కనబడుతుందో లేదో చూసి, రెండు గళ్లలో రాసి నాకు పంపు. ఈ ఒక్కటీ నీ కుట్ర స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి, అతని కాగితాలు కూడా తెమ్మను.

ఇట్లు,
మావయ్య