రాసిన కాగితం చేయి దాటనివ్వకు

గుంటూరు,
ఆదివారం

చిట్టితల్లికి,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఆన్‌లైన్‌లో ఎగ్జిక్యూటివ్ ఎంబీఏలో చేరావనీ, మొదటి వాయిదా ఫీజు కూడా కట్టేశావనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, దిగులు కొంత. మన ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగం చేస్తూ, పిల్లాణ్ణి పెంచుకుంటూ మళ్ళీ పుస్తకం పట్టడం నా తర్వాత నీతోనే. ఆ దారిలో గుంటలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతానని కాగితం తీసుకున్నాను.

ముందు చిన్న సంగతులు. నీ యూనివర్సిటీకి ఆన్‌లైన్ కోర్సు నడపడానికి యూజీసీ అనుమతి ఉందో లేదో, దూరవిద్యా, ఆన్‌లైన్ కోర్సులూ చూసే యూజీసీ విభాగం ‘డెబ్’ జాబితాలో నువ్వే చూసుకో, ఎవరి మాటా నమ్మకు. చివర్లో చేతికి వచ్చేది డిగ్రీయా, సర్టిఫికెటా అన్నది ప్రాస్పెక్టస్‌లో చదువు. ప్రకటనల్లో రెండిటికీ ‘ఎగ్జిక్యూటివ్’ అనే మాట తగిలిస్తున్నారు. ఆన్‌లైన్ డిగ్రీ అంటే లోకువేమోనని మీ నాన్న అడిగాడట. అనుమతి ఉన్న యూనివర్సిటీ ఇచ్చిన ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్ళి చదివిన డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీయే చెప్పిందని ఆయనకి చెప్పు.

ఇక మార్కులు. యూజీసీ నియమం ప్రకారం సెమిస్టర్ మధ్యలో అసైన్‌మెంట్లకీ, క్విజ్‌లకీ, చర్చలకీ కలిపి 30 శాతం మించకూడదు. చివరి పరీక్షకి 70 శాతం తగ్గకూడదు. ఇది వినగానే నీలాంటి తెలివైన పిల్ల వేసుకునే లెక్క నాకు తెలుసు: ముప్ఫైదేముంది, డెబ్బై మీద పడదాం అని. ఆ ముప్ఫై నీ చేతిలో ఉన్న మార్కులమ్మా. పరీక్ష రోజున బాబుకి జ్వరం రావచ్చు, ఆఫీసులో ఆడిట్ పడొచ్చు. ముప్ఫైలో ఇరవై ఆరు ముందే సంపాదించి పెట్టుకున్నదానికి ఆ రోజు గుండె దడ తగ్గుతుంది. అసైన్‌మెంటుతోపాటు రూబ్రిక్ ఇస్తారు, దేనికి ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి ఎదురుగా అంటించుకుని రాయి.

క్రెడిట్ల సంగతి ఇంకాస్త నెమ్మదిగా చెబుతాను, ఇక్కడ చాలామంది మోసపోతారు. అన్ని సబ్జెక్టులూ ఒకే తూకం కాదు, ఏ సబ్జెక్టు తూకం ఎంతో చెప్పేదే క్రెడిట్. నాలుగు క్రెడిట్ల ఫైనాన్స్‌లో బి వచ్చి, అంటే 6 పాయింట్లు, రెండు క్రెడిట్ల కమ్యూనికేషన్‌లో అన్నిటికన్నా పైదైన ‘O’ గ్రేడు వచ్చిందనుకో, అంటే 10. పాయింట్లని క్రెడిట్లతో గుణిస్తే 24, 20, కలిపి 44. ఆరు క్రెడిట్లతో భాగిస్తే 7.33. అదే తిప్పి, ఫైనాన్స్‌లో 10, కమ్యూనికేషన్‌లో 6 తెచ్చుకుంటే 52ని ఆరుతో భాగించాలి, 8.67 వస్తుంది. కష్టం అంతే, గ్రేడు వేరు. నీకు మాట్లాడటం వచ్చు, అంకెలంటే వెనకడుగు. సుఖంగా ఉన్న సబ్జెక్టు దగ్గరే రాత్రిళ్ళు గడిపేస్తావని నా భయం. వారంలో మొదటి రెండు రోజులూ ఫైనాన్స్‌కే ఇవ్వు. గ్రేడింగ్ మార్కుల్ని బట్టా, లేక క్లాసులో మిగతావాళ్ళతో పోల్చా అన్నది మొదటి వారంలోనే అడిగి తెలుసుకో. పోల్చి ఇచ్చే పద్ధతైతే 75 వచ్చినా అది ఏ గ్రేడో ముందుగా చెప్పలేం.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1997లో నేను బ్యాంకులో ఉంటూ దూరవిద్యలో ఎంబీఏ చదువుతున్నాను. అప్పట్లో అసైన్‌మెంటు చేత్తో రాసి, ఠావులకి ట్యాగు కట్టి స్టడీ సెంటరులో ఇచ్చేవాళ్ళం. వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారంలో రోజువారీ తిరిగే డబ్బు, దాని మీద ఒక అసైన్‌మెంటుకి నేను పుస్తకంలో ఉదాహరణ తీసుకోలేదు. మా బ్రాంచికి వచ్చే మిర్చి రైతుల సంగతి రాశాను. పంట కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ రసీదు మీద అప్పు తీసుకుని, ధర పెరిగేదాకా ఆగుతారు కదా, ఆ ఆగడానికి ఎంత ఖర్చవుతుందో పట్టిక వేశాను. పదకొండుమంది రైతులు, ఎవరివి ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని నెలల అద్దె, ఎంత వడ్డీ. మూడు ఆదివారాలు పట్టింది. నాకు ఎంత గర్వంగా ఉండేదో దాన్ని చూసుకుంటే.

మా బ్రాంచిలోనే ఒకతను అదే కోర్సు చదువుతుండేవాడు. వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాగుండక ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాడు. గడువుకి రెండు రోజుల ముందు సాయంత్రం నా టేబుల్ దగ్గరికి వచ్చి, “ఒక్క రాత్రికి ఇవ్వండి మేడమ్, ఎలా రాయాలో చూసుకుని పొద్దున్నే తెచ్చిస్తాను” అన్నాడు. ఇచ్చాను. పొద్దున్నే తెచ్చిచ్చాడు కూడా.

నెల తర్వాత స్టడీ సెంటరులో జరిగే కాంటాక్ట్ క్లాసులో, మాకు పాఠం చెప్పే కౌన్సెలరు మా ఇద్దరినీ ఆగమన్నాడు. రెండు అసైన్‌మెంట్లూ బల్లమీద పక్కపక్కన పరిచాడు. రెండిట్లోనూ పట్టిక అడుగున 684 అన్న అంకె చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. “ఈ టిక్కీలన్నీ కూడితే 648 వస్తాయి. ఇద్దరికీ ఒకే తప్పు ఎలా వచ్చింది?” అని అడిగాడు. చక్కగా రాసుకునేటప్పుడు నా చేయి రెండంకెల్ని తారుమారు చేసింది. అతను కూడి కూడా చూడకుండా దించేశాడు.

చిట్టీ, నా చేతిసంచిలో ఆ రోజు నా రఫ్ పుస్తకం ఉంది. రైతుల దగ్గర కూర్చుని రాసుకున్న అంకెలు, కొట్టివేతలు, టీ మరక, అన్నీ ఉన్నాయి. తీసి చూపిస్తే సరిపోయేది. పక్కన అతను నేల చూపులు చూస్తున్నాడు. వాళ్ళ నాన్న పోయి అప్పటికి పదిరోజులు కూడా కాలేదు, గుండు మీద ఇంకా వెంట్రుకలు రాలేదు. నా చేయి సంచి జిప్పు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఏమీ మాట్లాడకుండా ఇద్దరం బయటికి వచ్చేశాం. ఇద్దరికీ సున్నా వేశారు. ఆ సబ్జెక్టు మళ్ళీ రాయాల్సి వచ్చి డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది. ఆ ఏడు ప్రమోషన్ ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ లేకుండానే వెళ్ళాను, రాలేదు.

ఇంటికొచ్చి మీ అమ్మమ్మకి పరీక్ష కష్టంగా వచ్చిందని అబద్ధం చెప్పాను. ఆ మూడేళ్ళూ మా అబ్బాయిని చూసుకున్నది ఆవిడే. ఒక్క మాట అనలేదు. “పోనీలే, ముందు కాస్త అన్నం తిను, కళ్ళు చూడు ఎలా పీక్కుపోయాయో” అని కంచం పెట్టింది. ఆ ముద్ద ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది. ఆవిడ ఉండగా నిజం చెప్పలేకపోయాను.

నీకు ఎందుకు చెబుతున్నానంటే, నువ్వూ నాలాగే కాదనలేవు. ఇంజినీరింగులో నీ రికార్డు పుస్తకం ఎన్ని గదులు తిరిగి, చివరికి అట్ట ఊడి వచ్చిందో మర్చిపోయావా? ఇప్పుడు మీ క్లాసుకి వాట్సాప్ గ్రూపు ఉంటుంది. గడువు రాత్రి పదకొండింటికి ఎవరో ఒకరు “ఊరికే రెఫరెన్సుకి పంపవా” అంటారు. పంపకు. ఇప్పుడు ఎర్ర పెన్సిలు అక్కర్లేదు. పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ ముందు అప్‌లోడైన కాగితాల్ని దాచుకుని, వెనక వచ్చినదాన్ని వాటితో పోల్చుతుంది. నీ ఫైలు తీసుకున్నవాళ్ళు నీకంటే అరగంట ముందు అప్‌లోడ్ చేస్తే దొంగ నువ్వవుతావు. నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళయితే ఫోన్ చేసి అరగంట చెప్పు, ఎలా ఆలోచించాలో చెప్పు. గడువు పొడిగించమని ప్రొఫెసరుకి మెయిల్ రాయడానికి సాయం చెయ్యి. ఆ రోజు నేను అతనికి చేయాల్సింది అదే. నీ రఫ్ కాగితాలూ, పాత డ్రాఫ్టులూ తేదీలతో సహా దాచుకో. అవసరం పడితే బయటికి తియ్యి. నాలాగా సంచిలోనే ఉంచుకోకు. చాట్‌జీపీటీలాంటివాటిని ఎంతవరకు వాడుకోనిస్తారో కోర్సు నియమాల్లో చూసుకుని అంతవరకే వాడు, వాడినట్టు రాయి.

గ్రూప్ ప్రాజెక్టులో అయిదుగురి పనీ నువ్వొక్కదానివే చేస్తావని కూడా నాకు తెలుసు. ఎవరు ఏం చేయాలో మొదటి కాల్‌లోనే రాసి అందరికీ మెయిల్ పెట్టు. కొన్ని చోట్ల తోటివాళ్ళ పనికి మీతోనే మార్కులు వేయిస్తారట. పని చేయనివాళ్ళకి మొహమాటానికి పదికి పది వేయకు.

పరీక్షలు ఇంటి నుంచే, కెమెరా ముందు కూర్చుని రాయాలని మీ అమ్మ చెప్పింది. నాకు అదొక దిగులు. గదిలోకి ఇంకొకరు వస్తే ఒప్పుకోరట కదా, మన బాబు తలుపు తట్టకుండా ఉంటాడా? ఇన్వర్టర్ బ్యాటరీ చూపించు, వైఫై పోతే వాడుకోవడానికి ఫోన్‌లో డేటా వేయించి పెట్టు. అల్లుడుగారికి ఆ రోజు సెలవు దొరకదేమో. తేదీలు రాగానే నాకు చెప్పు, పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి ముందే టికెట్టు చేయించుకుంటాను. నువ్వు పరీక్ష రాస్తున్నంతసేపూ బాబుని కింద పార్కులో ఆడిస్తాను. మీ అమ్మమ్మ మా అబ్బాయిని అలాగే ఆడించేది.

రాత్రి పన్నెండు దాటాక చదవకు. పొద్దున్న టిఫిన్ మానకు. గోంగూర పచ్చడి, కందిపొడి మీ తమ్ముడితో పంపిస్తున్నాను.

మీ పెద్దమ్మ