పాఠకుల ప్రశ్నలు: కొన్నవారికే మళ్లీ కొనమని సందేశం వెళ్తుంటే

ప్రశ్న: వరంగల్ కొత్తవాడ నేతన్నల దగ్గర దర్రీలు, జంపఖానాలు తీసుకొని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాము. వాట్సాప్, ఎస్ఎంఎస్, ఈమెయిల్ వాటంతటవే వెళ్లేలా మార్కెటింగ్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాము. బతుకమ్మ ముందు ఆర్డర్ ఇచ్చినవారికి కూడా “మీ కార్టులో వస్తువు మిగిలిపోయింది” అని వెళ్లింది. కొందరికి ఒకే రోజు మూడు సందేశాలు అందాయి. అవసరం వచ్చినప్పుడల్లా ఒక వర్క్‌ఫ్లో (ఎవరికి ఏ సందేశం ఎప్పుడు వెళ్లాలో చెప్పే వరుస) కలుపుతూ పోయాము, ఇప్పుడు ఏది ఎందుకుందో మాకే తెలియడం లేదు. వీటిని ఏ పద్ధతిలో అమర్చుకోవాలి?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వర్క్‌ఫ్లోలోకి ఎవరు రావాలో అందరూ శ్రద్ధగా రాసుకుంటారు గానీ, అందులోంచి ఎవరు ఎప్పుడు బయటికి పోవాలో రాసుకోవడం మరిచిపోతారు. మీ ఇబ్బందికి మూలం అక్కడే ఉందనిపిస్తోంది. కార్టు వదిలేసిన మనిషి గంట తర్వాత తిరిగి వచ్చి కొన్నా, ప్రవేశం దగ్గర ఒక్కసారే షరతు చూసిన వర్క్‌ఫ్లో రెండో రోజు సందేశాన్ని, నాలుగో రోజు తగ్గింపును యథావిధిగా పంపుతుంది. కాబట్టి “ఆర్డర్ ఇస్తే వెంటనే బయటికి” అన్న నిష్క్రమణ షరతును ముందు రాసి, ఆ తర్వాతే ట్రిగ్గర్ గురించి, అంటే వర్క్‌ఫ్లోను మొదలుపెట్టే సంఘటన గురించి, ఆలోచించండి. నిరీక్షణ సమయం ముగిసిన ప్రతిచోటా, సందేశం వెళ్లడానికి సరిగ్గా ముందు, అదే షరతును మరోసారి పరీక్షించి దారి చీల్చే శాఖను పెట్టండి.

ఇందులో మన ప్రాంతపు వ్యాపారులు ప్రత్యేకంగా చూసుకోవలసిన విషయం క్యాష్ ఆన్ డెలివరీ. నిష్క్రమణకు “చెల్లింపు పూర్తయింది” అన్న గుర్తును ఆధారం చేసుకుంటే, దర్రీ ఇంటికి చేరి డబ్బు చేతికందేవరకు ఆ కొనుగోలుదారు సాఫ్ట్‌వేర్ దృష్టిలో కొననివారే. అందుకని “ఆర్డర్ నమోదైంది” అన్న గుర్తునే తీసుకోండి. ఆ సమాచారం మీ దుకాణం సైటు నుంచి ఆటోమేషన్‌లోకి ఎంత ఆలస్యంగా చేరుతోందో కూడా గమనించి, మొదటి నిరీక్షణను అంతకంటే ఎక్కువగా ఉంచండి.

ఒకే రోజు మూడు సందేశాలు వెళ్లడానికి కారణం, మూడు వర్క్‌ఫ్లోలు ఒకదాని సంగతి మరొకటి తెలియకుండా పనిచేయడమే. కొత్తవారికి స్వాగతం, వదిలేసిన కార్టు, కొనుగోలు తర్వాతి పలకరింపు, పండుగ ప్రచారం, ఇలా ఒక్కొక్క వర్క్‌ఫ్లోకు ఒక్కటే ప్రయోజనం ఉండాలి. అన్నింటినీ శాఖలు శాఖలుగా ఒకే దానిలో ఇరికిస్తే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం అసాధ్యమవుతుంది. వాటన్నిటిపైన ఒక ఉమ్మడి నియమం కావాలి: ఒక మనిషికి వారంలో ఇన్నిటికి మించి ప్రచార సందేశాలు వెళ్లకూడదు, కార్టు వర్క్‌ఫ్లోలో ఉన్నవారికి పండుగ ప్రచారం ఆగాలి. ఆర్డర్ ధ్రువీకరణ, డెలివరీ సమాచారం మాత్రం ఈ పరిమితిలోకి రాకూడదు, అవి కొనుగోలుదారు ఎదురుచూసేవి.

సందేశాలు వద్దన్నవారి జాబితా అన్ని వర్క్‌ఫ్లోలకూ ఒక్కటే ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, అంగీకారం ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. ఎస్ఎంఎస్‌కు టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల మేరకు మీ సంస్థ, హెడర్ (పంపేవారిగా కనిపించే పేరు), టెంప్లేటు (సందేశపు నమూనా) డీఎల్‌టీలో, అంటే టెలికం సంస్థల నమోదు వేదికలో, నమోదు కావాలి. వాట్సాప్ బిజినెస్‌లో కొనుగోలుదారు చివరి సందేశం నుంచి 24 గంటలు దాటితే ఆమోదం పొందిన టెంప్లేటు మాత్రమే పంపగలరు. అందువల్ల 24 గంటలు దాటే నిరీక్షణ తర్వాతి అడుగును స్వేచ్ఛగా రాసిన మాటలతో నింపకండి.

పేర్లకూ ఒక వరుస పెట్టుకోండి: ప్రయోజనం, మాధ్యమం, మొదలైన నెల, బాధ్యుల పేరు. నడుస్తున్న వర్క్‌ఫ్లోను మధ్యలో మార్చడం నేను సమ్మతించను. దానిలోకి కొత్త ప్రవేశాలు ఆపి, లోపల ఉన్నవారిని పూర్తి కానిచ్చి, మార్పులన్నీ దాని నకలులో చేసి, ఇంటివారి నంబర్లతో పరీక్షించాకే ఆ నకలును ఆరంభించండి. కొన్న మనిషి, కొనని మనిషి, మధ్యలో వద్దన్న మనిషి, ఈ ముగ్గురి దారులూ పరీక్షలో నడవాలి.

ప్రశ్న: మేము వెండి ఫిలిగ్రీ వస్తువులు అమ్ముతాము. మొదటి మెయిల్ తెరిచినవారికే రెండోది వెళ్లేలా అమర్చాము. ఇది సరైనదేనా?
ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తెరవడాన్ని ఆధారం చేసుకోకండి. ఆపిల్ 2021లో తెచ్చిన మెయిల్ గోప్యతా రక్షణ, మనిషి తెరవకపోయినా మెయిల్‌లోని బొమ్మలను ముందే తెప్పిస్తుంది కాబట్టి, తెరిచినట్టు లెక్క పడుతుంది. లింకు నొక్కడం, వస్తువు పేజీ చూడడం, బదులివ్వడం, కొనడం, వీటినే శాఖలకు షరతులుగా వాడండి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి పంపే స్థాయికి చేరితే, 2024 ఫిబ్రవరి నుంచి, మెయిల్ నిజంగా మీ దగ్గరి నుంచే వచ్చిందని సరిచూసుకునే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ అమర్చి ఉండాలి, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా రద్దయ్యే ఏర్పాటు కూడా ఉండాలి. అంత సంఖ్య మీకు లేకపోయినా, ఈ నాలుగింటినీ రెండో మెయిల్ వెళ్లకముందే పూర్తిచేయండి.