ఓల్డ్ కోర్స్‌లో టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరకలేదా? బ్యాలెట్ వెయ్యండి

మెంబర్‌షిప్ లేకుండా స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానంలో ఆడనిస్తారా అని అడిగారు కదా. నిస్సందేహంగా, అది పబ్లిక్ కోర్సే! ముందస్తు బుకింగ్‌లు అయిపోయినా దిగులు పడకండి. ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల్లోగా బ్యాలెట్‌లో, అంటే టీ టైమ్‌ల కోసం తీసే లాటరీలో, పేర్లివ్వండి. కనీసం ఇద్దరుండాలి, నలుగురు మించకూడదు. ఒంటరిగా వెళ్తే ముందురోజు అక్కడే స్వయంగా పేరిచ్చే డ్రా వేరే ఉంది. ఆదివారం మామూలుగా ఆట ఉండదు, సోమవారానికి శనివారమే వెయ్యాలి. ఒక్కరోజుకే వెళ్తే చాలామందికి నిరాశే. నాలుగైదు రోజులుంటే రోజూ వెయ్యొచ్చు. హ్యాండికాప్ (మీ ఆట స్థాయిని చూపే అంకె) సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి.

ఇంకోమాట, అక్కడ 14 హోల్స్‌కి జంట గ్రీన్లే, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చికను రెండేసి హోల్స్ పంచుకుంటాయి. వాటిలో వెళ్లేటప్పుడు ఆడే హోల్‌కి తెల్లజెండా, తిరిగొచ్చేటప్పుడు ఆడే హోల్‌కి ఎర్రజెండా. రంగు చూడకుండా కొడితే బంతి పక్క హోల్ వైపు పోయి, చాలా పొడవైన పట్ (గ్రీన్‌పై బంతిని హోల్ వైపు దొర్లించే దెబ్బ) మిగులుతుంది.