నాన్నకు స్టెంట్ ఉంది.. అండమాన్‌లో స్నార్కెలింగ్ చేయించొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. జనవరి చివర్లో ఆరు రోజులకు అండమాన్ వెళ్తున్నాం. నాన్నకు 64 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. ఏడాదిన్నర కిందట ఒక స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, రోజూ నడుస్తారు. అమ్మకు బస్సెక్కితేనే వాంతులు. బాబుకు ఎనిమిదేళ్లు, చలికాలంలో ఉబ్బసం వస్తుంది, ఇన్‌హేలర్ వాడతాం. నాకు, మావారికి ఈత రాదు. హేవలాక్‌లో షేరింగ్ బోటు ఎక్కించి ఎలిఫెంట్ బీచ్‌కు తీసుకెళ్లి స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలడం) చేయిస్తారట, ప్యాకేజీలోనే ఉంది. ఈత రాకపోయినా ఎవరైనా దిగొచ్చు అని ట్రావెల్స్ వాళ్లు అంటున్నారు. మేమంతా నీళ్లలో ఉంటే నాన్న ఒక్కరే ఒడ్డున కూర్చోవడం బాగుండదు కదా! ఎవరెవరు దిగొచ్చు? మర్నాడే విమానం ఎక్కితే ఇబ్బందా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

డాక్టర్ సలహా: మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది స్టెంట్ కాదు, ‘ఒక్కరే ఒడ్డున కూర్చోవడం బాగుండదు’ అన్న మాట. షేరింగ్ బోటులో అసలు చిక్కు అక్కడే వస్తుంది. సొంతంగా మాట్లాడుకున్న బోటైతే మీ ఇష్టం, పది నిమిషాలు ఆగి దిగొచ్చు, దిగడం మానేయొచ్చు. షేరింగ్ బోటులో నాలుగైదు కుటుంబాలు ఉంటాయి. టైము అందరికీ ఒక్కటే. గైడ్ తొందరపెడుతుంటాడు, పక్కవాళ్లు అప్పుడే మాస్కులు తగిలించుకుని ఉంటారు. ఆ హడావుడిలో ‘నాకు కొంచెం ఆయాసంగా ఉంది’ అని చెప్పడానికి మన పెద్దవాళ్లకు మొహమాటం. అందుకే ఎవరు దిగాలి, ఎవరు దిగకూడదు అన్నది విజయవాడలోనే, ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. బోటెక్కాక ఆ చర్చ వద్దు.

ముందు మీ నాన్నగారి సంగతి. రోజూ నడిచే మనిషికి నీళ్లలో తేలడానికి ఏం కష్టం అనిపిస్తుంది. ఒంట్లో జరిగేది వేరు. మెడ దాకా నీళ్లలోకి దిగగానే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి కాళ్లలో, పొట్టలో ఉండే రక్తం అర లీటరుకు పైగా ఛాతీ వైపు తోసుకొస్తుంది. ఆ అదనపు బరువును గుండె మోయాలి. దానికి తోడు గొట్టంలోంచి గాలి పీల్చుకోవాలి. సన్నటి స్ట్రాతో చిక్కటి లస్సీ తాగినప్పుడు బుగ్గలు లోపలికి పోతాయి చూడండి, ఛాతీ లోపల ఇంచుమించు అలాంటి పని జరుగుతుంది. ఊపిరిని బలంగా లాగినకొద్దీ ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల నుంచి నీరు గాలి గదుల్లోకి ఊరే ప్రమాదం పెరుగుతుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లలో ఇది ఇంకా త్వరగా జరగొచ్చు.

హవాయిలో పర్యాటకులు స్నార్కెలింగ్ చేస్తూ చనిపోవడం ఎక్కువగా ఉండటంతో అక్కడ ప్రత్యేకంగా ఒక అధ్యయనం చేశారు. సముద్రపు నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరి కావడం ఒక్కటే కారణం కాదని, చాలామందిలో ఇలా ఊపిరితిత్తుల్లో ఉన్నట్టుండి నీరు చేరడమే కారణం కావచ్చని దాన్ని చేసినవాళ్లు చెప్పారు. అలాంటి మనిషి సినిమాల్లోలా చేతులు కొట్టుకోడు, కేకలు వేయడు. ముందు ఆయాసం, తర్వాత ఒళ్లంతా నీరసం, ఆ తర్వాత బోర్లా తేలుతూ ఉండిపోవడం. పది అడుగుల దూరంలో ఉన్నవాళ్లు చేపల్ని చూస్తున్నాడనే అనుకుంటారు.

కొన్నేళ్ల కిందట అదే ఎలిఫెంట్ బీచ్‌లో నేనొకాయన్ని చూశాను. అరవై దాటినవాడు, మాట యాసను బట్టి గోదావరి జిల్లాల మనిషి. మంచి గుబురు మీసం. ఆ మీసం వల్ల మాస్కు సరిగ్గా అతుక్కోక నీళ్లు లోపలికి వస్తున్నాయి. తల పైకెత్తడం, మాస్కు దులపడం, మళ్లీ దిగడం. గైడ్ రెండుసార్లు అడిగితే ‘ఏం లేదు, ఏం లేదు’ అన్నాడు. మూడోసారి దగ్గుతూ పైకి వచ్చి ఇసుకలో కూలబడ్డాడు, మళ్లీ మామూలుగా ఊపిరి అందడానికి అరగంట పట్టింది. ఆయనకు కూడా స్టెంట్ ఉందని అప్పుడు చెప్పింది భార్య. గైడ్‌కు ఆ సంగతి తెలియదు.

కాబట్టి నా మాట ఇదీ: గుండె డాక్టర్ చూసి సరేననే దాకా మీ నాన్నగారు స్నార్కెలింగ్ చేయకూడదు. బయలుదేరడానికి కనీసం మూడు వారాల ముందు ఆ డాక్టర్ దగ్గరికి వెళ్లి ‘అండమాన్ వెళ్తున్నాం’ అని కాదు, ‘సముద్రంలో గొట్టంతో ఊపిరి పీలుస్తూ తేలాలి, చేయొచ్చా’ అని అడగండి. రెండు ప్రశ్నలకూ జవాబులు వేరుగా ఉంటాయి. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించమనొచ్చు. ఇంట్లోనే ఒక చిన్న అంచనా వేసుకోవచ్చు. ఆగకుండా, ఛాతీ పట్టేయకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కలేకపోతే ఇక నీళ్ల సంగతి మర్చిపోండి. ఎక్కగలిగినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, డాక్టర్‌ను అడగడానికి అర్హత వచ్చినట్టు.

డాక్టర్ ఒప్పుకుంటే ద్వీపానికి వెళ్లిన మొదటి రోజే దిగకుండా, ఒక రోజు విశ్రాంతి తీసుకున్నాక లైఫ్ జాకెట్‌తో, గైడ్ లాక్కెళ్లే ట్యూబు పట్టుకుని, కాళ్లు నేలకు ఆనే లోతులో పది నిమిషాలు ఉండొచ్చు. కాస్త ఆయాసం అనిపించినా గొట్టం నోట్లోంచి తీసేసి, నిలబడి, చెయ్యెత్తాలి. ‘ఇంకొంచెం చూసి వస్తా’ అనడానికి లేదు. నీళ్లలోంచి వచ్చాక కూడా ఆయాసం, దగ్గు తగ్గకపోతే, నురగ కళ్లె పడితే పడుకోబెట్టకండి, కూర్చోబెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. హేవలాక్‌లో, అంటే 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్న దీవిలో, ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. పెద్ద ఆస్పత్రి జీబీ పంత్, అది పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) ఉంది. వేగంగా వెళ్లే ఫెర్రీకే గంటన్నర పడుతుంది, రాత్రిళ్లు ఫెర్రీలు తిరగవు. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల గుండె ఆస్పత్రులు ఉన్న ఊరి నుంచి వెళ్లేవాళ్లకు ఈ తేడా అంత తేలిగ్గా తట్టదు.

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ట్రిప్ కోసం మానకూడదు. పగడాల అంచు గీసుకుంటే రక్తం ఆగడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుందని మాత్రం గుర్తుంచుకోండి. షుగర్ ఉంది కాబట్టి ఇసుకలోనూ, రాళ్ల మీదా చెప్పులు లేకుండా నడవనివ్వొద్దు. చిన్న గాయమైనా మంచినీళ్లతో కడిగి, ఎర్రబడుతోందా, వాస్తోందా అని రెండు మూడు రోజులు చూస్తూ ఉండండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులినో వాడుతుంటే ఖాళీ కడుపుతో బోటు ఎక్కించకండి. గంటన్నర ముందు రెండు మూడు ఇడ్లీలు, చేతిలో గ్లూకోజ్ బిస్కెట్లు. పూరీ, బంగాళదుంప కూర వద్దు, ఆయనకే కాదు, బోటెక్కే ఎవరికీ వద్దు. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి, విమానంలో లగేజీకి వేసే సూట్‌కేసులో కాదు.

ఇక ఒక్కరే కూర్చోవడం అన్న బెంగ. ఎవరో ఒకరు ఒడ్డున ఉండి తీరాలి. మీ నాన్నగారూ అమ్మగారూ అక్కడ ఉంటే మీరు ధైర్యంగా నీళ్లలోకి దిగొచ్చు. పోర్ట్‌బ్లెయిర్‌కు ఎదురుగా ఉన్న నార్త్ బేలో అడుగున అద్దం బిగించిన గ్లాస్ బాటమ్ బోట్లు తిరుగుతాయి. తల తడవకుండా పగడాలు, చేపలు చూడొచ్చు. స్టెంట్ ఉన్న మనిషికి దానికంటే మంచి బేరం లేదు.

అమ్మగారి వాంతుల గురించి. మనిషి ఊగుతున్నాడని చెవి లోపలి భాగం చెబుతుంది, ఎదురుగా ఉన్న సీటు కదలడం లేదని కన్ను చెబుతుంది. ఈ రెండు కబుర్లూ కలవక మెదడు తికమకపడుతుంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వెళ్లే ప్రైవేటు ఫెర్రీల్లో ఏసీ హాల్లో తలుపులు మూసి కూర్చోబెడతారు, బయట సముద్రం సరిగా కనిపించదు. వాంతుల మనిషికి అదే పెద్ద ఇబ్బంది. ఫెర్రీ మధ్యలో, కుదిరితే కింది అంతస్తులో, కిటికీ పక్కన సీటు అడగండి. దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే చోటు చూస్తూ కూర్చోమనండి. ఫోన్ చూడకూడదు. చిన్న బోటులో ముందు భాగం ఎగిరెగిరి పడుతుంది, మధ్యలో కూర్చోవడం మేలు. ఇంజిన్ దగ్గర డీజిల్ పొగ వాసన తగిలితే మళ్లీ మొదలు.

ప్రొమెథజైన్ రకం మాత్ర, మందుల షాపుల్లో అవోమిన్ అని అందరూ అడిగేది, ప్రయాణానికి గంట రెండు గంటల ముందు వేసుకుంటే పనిచేస్తుంది. వాంతి మొదలయ్యాక వేసుకుంటే వృథా. మామూలు వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఈ ఊగుడు వాంతులకు పెద్దగా పనికిరాదు, చాలామంది అదే వేసుకుని ‘మందు పనిచేయలేదు డాక్టర్ గారూ’ అంటారు. అవోమిన్‌తో నిద్ర ముంచుకొస్తుంది. అందుకే అది వేసుకున్న రోజు అమ్మగారు నీళ్లలోకి దిగకూడదు. కంటి లోపలి ఒత్తిడి సమస్య ఉంటే ముందు డాక్టర్‌ను అడగాలి. అమ్మగారు వేసుకుంటున్నారు కదా అని నాన్నగారికీ ఒకటి ఇవ్వకండి. ఈ వయసులో ప్రోస్టేట్ ఇబ్బంది ఉంటే మూత్రం బిగుసుకుపోవచ్చు. అల్లం మురబ్బా, నిమ్మకాయ వాసన తేలికపాటి వికారానికి కొంత మేలు చేస్తాయి, వద్దనను.

బాబు విషయంలో నేను అంత కఠినంగా లేను. గత నెల రోజుల్లో పిల్లికూతలు లేకుండా, రాత్రిళ్లు దగ్గుతో లేవకుండా ఉంటే, మీరు చూపించే పిల్లల డాక్టర్ కూడా సరేనంటే దిగొచ్చు. రోజూ వాడే ఇన్‌హేలర్ సెలవుల్లో మానేయకండి. ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో) సహా, నీళ్లు చొరని పౌచ్‌లో మీ దగ్గరే, బోటులోనే ఉండాలి. హోటల్ గదిలో ఉంటే లేనట్టే. ముందు రెండు రోజుల్లో జలుబు, పిల్లికూతలు వస్తే ఆ రోజుకు నీళ్లు లేవు, ఎంత ఏడ్చినా సరే. చెవిపొరకు రంధ్రం ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే కూడా అంతే. లైఫ్ జాకెట్ పిల్లల సైజుదే అడగండి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది వాడిది కాదు.

మీకూ మీవారికీ ఈత రాదన్నారు. లైఫ్ జాకెట్, ట్యూబు, గైడ్ ఉంటారు కాబట్టి దిగొచ్చు, కానీ మొదటిసారి గొట్టంతో ఊపిరి తీసుకునేది సముద్రంలో కాకూడదు. ఒక మాస్కు, గొట్టం కొనుక్కుని ఇంట్లో పెద్ద బేసిన్లో నీళ్లు పోసి ముఖం పెట్టి చూడండి. నవ్వులాటగా ఉంటుంది, బాబుకు మంచి కాలక్షేపం. ముక్కుతో కాక నోటితోనే పీల్చి వదలడం అలవాటు కావడానికి నాలుగైదు రోజులు పడుతుంది, భయమూ పోతుంది. ఎవరి గొట్టం వాళ్లకు ఉంటే ఇంకో లాభం, అప్పటిదాకా ఎవరి నోట్లోనో ఉన్నది మీ నోట్లో పెట్టుకోనక్కర్లేదు. మొత్తం ముఖాన్ని కప్పే మాస్కులు మాత్రం కొనకండి. కంగారులో అవి చటుక్కున ఊడిరావు. కాంటాక్ట్ లెన్సులతో దిగకూడదు, కంటికి మొండి ఇన్ఫెక్షన్లు వస్తాయి. మీవారికి మీసం ఉంటే ముక్కు కింద కాస్త వ్యాజ్‌లైన్ రాస్తే మాస్కు బాగా అతుక్కుంటుంది.

ఇద్దరూ ఒకేసారి దిగకండి. ఒకరు బాబుతో నీళ్లలో, ఒకరు ఒడ్డున. నీళ్లలో ఉన్నవాళ్ల చేతిలో వీడియో కెమెరా ఉండకూడదు, చూపు బాబు మీదే. బోటు తిరిగి బయలుదేరే ముందు మీవాళ్లను మీరే లెక్కపెట్టుకోండి. 1998లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక డైవింగ్ బోటు లెక్క తప్పి ఒక అమెరికన్ జంటను సముద్రంలోనే వదిలి వచ్చేసింది, వాళ్లు ఇక దొరకలేదు.

ఎండకు వీపు, పిక్కల వెనక భాగం బాగా మాడతాయి, పూర్తి చేతుల టీషర్టు, లెగ్గింగ్ వేసుకోండి. జెల్లీ ఫిష్ తగిలితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న చోట ఎవరు రమ్మన్నా దిగకండి, అండమాన్‌లో అది ఉత్తుత్తి బోర్డు కాదు.

గైడ్‌కు మీ నాన్నగారి స్టెంట్ గురించి, బాబు ఉబ్బసం గురించి బోటెక్కే ముందే చెప్పండి. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, చాలాసార్లు తెలుగులోనే చెప్పొచ్చు.

విమానం గురించి అడిగారు. నీటి మీద తేలుతూ చేసే స్నార్కెలింగ్ తర్వాత అదే రోజు విమానం ఎక్కినా ఇబ్బంది లేదు. సిలిండర్ తగిలించుకుని లోపలికి వెళ్లే స్కూబా సంగతి వేరు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఒకటికి మించి దిగితే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. అక్కడికి వెళ్లాక ‘ఇంకో రెండు మూడు వేలు కలిపితే స్కూబా కూడా చేయిస్తాం’ అని అడుగుతారు. మీ నాన్నగారికీ, బాబుకూ ఆ మాట వినపడకుండా చూడండి.