పలచని చెక్కకు వంపులు తీర్చడం ఎలా?

ప్రశ్న: 6 మి.మీ. మందమున్న చెక్క పలకలతో ఫోటో ఫ్రేముకు అలల అంచు చేస్తున్నాను. సన్నరంపంతో కోశాక ఉలితో సరిచేయబోతే పెచ్చులు లేచి గీత లోపలికి పోతున్నాయి. కుడి ఎడమల వంపులు ఒకే తీరుగా కుదరడం లేదు. యంత్రం లేకుండా ఈ పని శుభ్రంగా చేయగలమా?

జవాబు: తప్పకుండా చేయగలరు. ఉలికి పదును తగ్గిందని అనుకునే ముందు, అది ఏ దిక్కుగా నడుస్తోందో గమనించండి. నార (చెక్కలోని పోగుల వరుస) పలక పొడవునా సూటిగానే సాగినా, వంపు వచ్చిన చోట అంచు దాన్ని ఏటవాలుగా ఖండిస్తుంది. ఉబ్బు మీద నడినెత్తి నుంచి రెండు పక్కలకూ దిగుతూ చెక్కితే, తెగుతున్న నారకు కింది నార ఆనుగా నిలుస్తుంది. పల్లం నుంచి ఎగువకు నెడితే మాత్రం ఉలి అంచు నార సందుల్లోకి దూరి, చీలికను గీత దాటించి లోపలికి తీసుకుపోతుంది. పల్లంలోనూ ఇదే సూత్రం: రెండు గట్ల నుంచీ అడుగుకే దిగాలి. రెండు కోతలూ అడుగున కలిసే చోట మిగిలే సన్నని మిట్టను ఉలితో తీయబోకుండా అర్ధవృత్తాకారపు ఆకురాయితో అరగదీయండి. ఆకురాయిని ముందుకు నెడుతూనే కొద్దిగా పక్కకు జరపాలి. ఒకే చోట ఆడిస్తే అక్కడ గుంట పడుతుంది. వెనక్కి తెచ్చేటప్పుడు చెక్క మీద ఆనించకుండా ఎత్తి తీసుకురండి.

రంపంతో గీత మీదనే కోయకుండా 1 మి.మీ. బయటగా కోయండి. కోపింగ్ రంపానికి (వంపులు కోసే సన్నరంపం) బ్లేడును పళ్లు పిడి వైపు ఉండేలా బిగిస్తే లాగేటప్పుడు తెగుతుంది కనుక సన్నని బ్లేడు వంగదు. చెక్క మందంలో కనీసం మూడు పళ్లు ఆనేలా చూసుకోవాలి. అంగుళానికి 15 పళ్లున్న బ్లేడు మీ పలకకు సరిపోతుంది.

పలచని చెక్కలో అసలు ఇబ్బంది అదురు. అదిరే అంచు మీద ఎంత పదునైన పనిముట్టయినా ఎగిరిపడి గాట్లు పెడుతుంది. అందుకే పలకకు రెండు వైపులా పనికిరాని చెక్కలను జతచేసి, గీత వైస్ (చెక్కను బిగించి పట్టే పనిముట్టు) దవడలకు కొద్దిగా మాత్రమే పైన ఉండేలా బిగించండి. ఆ చెక్కలను కూడా పలకతో పాటే అరగదీస్తే, ఆకురాయి అవతలికి దాటేటప్పుడు పలక అంచు ఊడిరాదు.

ఒకే తీరు వంపులకు అట్టతో సగం నమూనా మాత్రమే కత్తిరించి, మధ్యగీత దగ్గర తిరగేసి రెండో సగం గీయండి. జత పలకలుంటే వాటిని రెండు వైపులా అంటుకునే టేపుతో కలిపి ఒకేసారి తీర్చితే తేడాకు తావే ఉండదు. అంచు నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో చూసి, తరువాత కళ్లు మూసుకుని వేలికొనను నెమ్మదిగా నడపండి. కంటికి అందని మిట్టలు వేలికి తెలుస్తాయి.

గీత గీయక ముందే చూసుకోవలసినది ఒకటి ఉంది. వంపుల మధ్య సన్నని మెడ వంటి భాగం వస్తే నార ఆ మెడ పొడవునా సాగాలి. అడ్డంగా సాగితే ఎంత నేర్పుగా చెక్కినా అది పుటుక్కున విరిగిపోతుంది.

ప్రశ్న: ఇలాంటి అంచు మీదనే గుండ్రని బీడింగు (అంచు వెంట సాగే ఉబ్బెత్తు అలంకారం) తీయడానికి ప్రత్యేకమైన చిత్రిక కొనాలా?

జవాబు: అక్కర్లేదు. పాత చేతిరంపపు రేకు ముక్క చాలు. కావలసిన ఆకారానికి ఎదురు ఆకారాన్ని దాని అంచులో గుండ్రని ఆకురాయితో తీసి, రెండు ముఖాలనూ సానరాయి మీద చదునుగా రుద్దండి. అంచుకు ఆనుకుని నడిచే భుజం ఉన్న చిన్న చెక్కను చీల్చి, ఆ చీలికలో రేకును బిగించండి. భుజం కాస్త గుండ్రంగా ఉంటేనే వంపుల వెంట సాఫీగా తిరుగుతుంది. రేకును కదలిక వైపు కొద్దిగా వంచి పట్టి, పొడి రాలేంత తేలికగా గీకండి. ఇక్కడ కూడా గట్ల నుంచి పల్లానికే గీకాలి. గట్టిగా నొక్కితే నార చిరుగుతుంది.