న్యాయ సందేహాలు: మద్రాసు తీర్పుకు మన కోర్టు కట్టుబడాలా?

ప్రశ్న: మా భూమి పంపకం దావా నెల్లూరు కోర్టులో నడుస్తోంది. మా వకీలు గారు 1949 నాటి మద్రాసు హైకోర్టు తీర్పును, అవతలి పక్షం అదే హైకోర్టు 1972లో ఇచ్చిన తీర్పును దాఖలు చేశారు. పాతదానికి తాను కట్టుబడాలని, కొత్తదాన్ని పరిశీలిస్తే చాలని జడ్జి గారు అన్నారు. రెండూ ఒకే హైకోర్టువి కదా, ఈ తేడా ఎందుకు?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: జడ్జి గారు చెప్పింది సరైనదే. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడిన 1954 జులై 5 వరకు నెల్లూరు కోర్టుపై అధికారం మద్రాసు హైకోర్టుదే కాబట్టి, ఆ తేదీకి ముందు అక్కడ వెలువడిన తీర్పులు మనకూ శిరోధార్యమేనని సుబ్బారాయుడు కేసులో ఆంధ్ర హైకోర్టు ఫుల్ బెంచ్ తొలినాళ్లలోనే తేల్చింది. 1972 నాటికి మద్రాసు మనకు పొరుగు హైకోర్టు. దాని తర్కం నచ్చితే మన కోర్టు స్వీకరిస్తుంది, నచ్చకపోతే పక్కన పెడుతుంది. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమైనది సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రమే.

హైకోర్టులు ఒకదానితో ఒకటి విభేదిస్తే ఏమవుతుందో సరిత కేసు చూపుతుంది. కాపురానికి రావాలంటూ భర్త కడప సబ్‌కోర్టులో వేసిన పిటిషన్‌పై వివాదం హైకోర్టుకు చేరగా, అలా కాపురానికి రమ్మని ఆదేశించే అధికారాన్ని కోర్టుకిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని 1983 జులైలో జస్టిస్ పి.ఎ.చౌదరి కొట్టివేశారు. వ్యక్తిగత గోప్యత గురించి అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన మాటలను కూడా ఆయన ఆధారం చేసుకున్నారు. పరదేశపు తీర్పు మన జడ్జిని ఆదేశించలేకపోయినా ఆలోచింపజేయగలదు. కొద్ది నెలలకే ఢిల్లీ హైకోర్టు దీనితో విభేదించి, ఇంటి గుట్టులోకి రాజ్యాంగాన్ని తేవడం పింగాణీ దుకాణంలోకి ఎద్దును తోలడమేనంది. (పోలిక ఘాటైనదే గానీ, సరిత తీర్పు లేవనెత్తిన ప్రశ్నకు అది జవాబు కాదని నా అభిప్రాయం.) ఫలితంగా ఒకే కేంద్ర చట్టంలోని ఒకే సెక్షన్ ఢిల్లీలో చెల్లింది, కడపలో చెల్లలేదు. 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ వాదనను సమర్థించాకే ఆ తికమక తీరింది.

ఇక మీ దావా సంగతి. 1949 తీర్పును ఆ తరవాత సుప్రీంకోర్టు గానీ, మన హైకోర్టులో పెద్ద బెంచ్ గానీ తోసిపుచ్చిందేమో వకీలు గారిచేత ముందుగా సరిచూపించండి. మీ వివాదాంశంపై ఆ తీర్పు నిజంగా నిర్ణయం చెప్పిందో, ప్రసంగవశాత్తు ఒక మాట అని వదిలేసిందో కూడా చూడాలి. ఎందుకంటే కింది కోర్టు కట్టుబడవలసింది ఆ నిర్ణయానికి ఆధారమైన సూత్రానికే.